చలిమంట పైన గోడ

క్రీఫ్, స్కాట్లాండ్
28 డిసెంబర్ 2009

ఫిన్లే,

క్రిస్మస్‌కి నువ్వు కొనిచ్చిన టీవీ బిగించడానికి ఈ ఉదయం మనిషి వచ్చాడు. పని చేయించకుండానే పంపేశాను. అతను నీకు చెప్పేలోపు నేనే చెప్పాలని రాస్తున్నాను.

హాల్లో చలిమంట పొయ్యి పైన గోడకు బిగించమన్నావట. "వేడికి పాడవదా?" అన్నాను.

"దానిదేముంది మామ్మగారూ, పొయ్యి వెలిగించడం మానేస్తే సరి! మీ మనవడు హీటర్ కూడా పంపిస్తున్నాడు."

"మీ ఇంట్లో ఎవరైనా హీటర్ చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారా, అబ్బాయ్?"

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

లెక్క లేకుండా నేను మాట్లాడను. అతను వెళ్ళాక ఆ గోడకు థర్మామీటర్ కట్టి చూశాను. మంట రగిలిన గంటకు యాభై రెండు డిగ్రీలు. కుర్చీలో కూర్చుంటే నా కళ్ళు నేలకు నూట పది సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. అతను గుర్తు పెట్టిన చోటు నూట డెబ్బై. వార్తల కోసం నేను చుక్కలు చూడాలా?

బొగ్గు బకెట్ మోస్తూ ఎక్కడ పడిపోతానో అని నీ భయం. అది నాకు తెలుసు. మోయలేని రోజు వస్తే నేనే చెబుతాను. ఆ రోజు ఇంకా రాలేదు.

ఇక జరగాల్సినవి:

1. జనవరి ఐదున ఆ మనిషి మళ్ళీ వచ్చి, టీవీని కిటికీ పక్క గోడకు, నా కళ్ళ ఎత్తున బిగించాలి.

2. నువ్వు పంపే హీటర్ వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి.

3. కొత్త సంవత్సరంలో నా గడపలో మొదటి అడుగు నీదే. ఆనవాయితీ ప్రకారం బొగ్గు ముక్క తెచ్చి, ఈ ఇల్లు ఏడాదంతా వెచ్చగా ఉండాలని దీవిస్తూ నీ చేత్తోనే మంటలో వెయ్యి. ఆ తర్వాత పొయ్యి ఆర్పమని నా మొహం చూసి చెప్పు, చూద్దాం.

నాయనమ్మ