లారీలో ఉన్నది నేనే

సమ్మన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు హీరోకు బదులు కారు నడిపిన సినిమా, కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా దొంగచాటుగా సాగే కార్ల రేసు కథ, లక్సెట్టిపేటకు వచ్చింది. వదిన చూస్తానని పట్టుబడితే మధ్యాహ్నం ఆటకు తీసుకెళ్లాను.

ఇచ్చోడ దగ్గర తీసిన ఆ షాట్‌ను అలాగే ఉంచారు. లారీ గుద్దగానే నీ కారు నాలుగు పల్టీలు కొట్టి అంటుకుంది. హాలంతా ఈలలు. హీరో నెత్తురు తుడుచుకుంటూ మంటల్లోంచి నడిచొచ్చి, ఇంకో కారెక్కాడు. నిన్ను మేం గడ్డపారలతో తలుపు పగలగొట్టి లాగినప్పుడు నీ చేతులు స్టీరింగుకే అతుక్కుని ఉన్నాయి.

ఏడాదిగా దాచింది బయటికి రాగానే చెప్పేశాను.

"వదినా, గా లారీ నడిపింది నేనే. బ్రేకు తొక్కుడు లేటయింది."

"నాకెరుకనే తమ్మీ," అంది. "జర ఇంకో ఆటకు టికెట్లు తేపో. గుద్దేముందు అద్దంల ఆయన మొకం కనవడ్డది."

మళ్లీ వెళ్లి కూర్చున్నాం. ఈసారి నేనూ చూశాను. ఎదురుగా వస్తున్న నన్ను చూసి నవ్వుతున్నావన్నా.