బాసిల్ మేడ ఇసుక

జనవరి 12, ఆదివారం

రేపు మంచు పడుతుందని టీవీలో చెప్పారు. అంతే, అమ్మాన్ మొత్తానికి పిచ్చెక్కింది. రొట్టెల కొట్టు ముందు యుద్ధం వచ్చినంత క్యూ. నాన్న మార్కెట్లో మూటలు మోసి మోసి వచ్చి, మళ్లీ గ్యాస్ సిలిండర్ కోసం పరిగెత్తాడు.

నాకు ఒకటే బెంగ, నేను రోజూ కారు దించే మా ఇంటి ముందు వాలు. గేటు దగ్గర మొదలై నిచ్చెనలా దిగి, మలుపులో అబూ సఖర్ కూరగాయల దుకాణం దగ్గర ఆగుతుంది. గేటు పక్కన మేడ కట్టడానికి తెచ్చిన ఇసుక గుట్ట ఊరికే పడి ఉంది కదా, దాంట్లోంచి నాలుగు పారలు రోడ్డు మీద చల్లుదాం అన్నాను. అది నీ తమ్ముడి మేడ, పెళ్లయ్యాక వాడెక్కడ పడుకోవాలి, రోడ్డు మీదా అన్నాడు నాన్న. బాసిల్‌కు ఇంకా సంబంధమే కుదరలేదు.

జనవరి 13, సోమవారం

మంచు. స్కూలు సెలవు, పిల్లలకూ మా టీచర్లకూ.

జనవరి 14, మంగళవారం

ఇవాళా సెలవే. పొద్దున వాన పడి మా వాలు మీద మంచు కొట్టుకుపోయింది. పై కొండల్లో మాత్రం ఉందట. అది చూడ్డానికి సగం జోర్డాన్ కొండెక్కింది. బానెట్ మీద మంచుబొమ్మ చేసి, మెడలో మఫ్లర్ చుట్టి, హారన్లు కొట్టుకుంటూ దిగుతున్నారు. ఒక కారుకు ముందు అద్దం సగం మంచుబొమ్మే. ఆ నడిపేవాడికి ఎదుట ఏం కనిపిస్తుంది? వాణ్ణి ఎవరూ ఏమీ అనరు. చప్పట్లు కొడతారు.

నేను స్టీరింగు పట్టుకుంటే మాత్రం వీధిలో ప్రతి మగాడూ డ్రైవింగ్ మాస్టరే. ఒకడు బ్రేక్ వెయ్యమంటాడు, ఇంకొకడు వద్దంటాడు.

జనవరి 15, బుధవారం

నీళ్లు వచ్చాయి. వారానికి ఒకసారే కాబట్టి అమ్మ చేతికి ఇవాళ విశ్రాంతి లేదు. దుప్పట్లు, తివాచీలు, గదులు, మెట్లు అన్నీ కడిగేసింది. ఇల్లంతా బ్లీచింగ్ వాసన. ఆకాశం తేటగా ఉంది, చలి కొరికేస్తోంది. రేపు స్కూలు.

జనవరి 16, గురువారం, ఉదయం 11

పేజీ చిరిగేలా రాస్తున్నాను. కోపంతో.

రోడ్డు నల్లగా ఉంది. ఎక్కడా తెల్లటి చుక్క లేదు. ఫస్ట్ గేర్‌లోనే బయల్దేరాను. గేటు దాటి కారు పొడవంత కూడా దిగలేదు, చక్రాల కింద నేల లేకుండా పోయింది. బ్రేక్ తొక్కలేదు. స్టీరింగు గట్టిగా తిప్పలేదు. నేర్చుకున్నదంతా నేర్చుకున్నట్టే చేశాను. కారు నా మాట వినలేదు. తిన్నగా వెళ్లి అబూ సఖర్ టమాటా బుట్టల్లో దూరింది. హెడ్‌లైట్ ఒకటి పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అబూ సఖర్ టీ గ్లాసు చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. ఏం టీచరమ్మా, టమాటాలు కావాలంటే కేకేస్తే నేనే తెచ్చేవాణ్ణి కదా, కారేసుకుని లోపలికి రావాలా అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు.

ఐసు ఉంది అన్నాను. ఎక్కడా అన్నారు. చూపిద్దామని పైకి ఎక్కబోతే, ముందు ఈ కారు తియ్యి, దారి ఆగిపోయింది అన్నారు. కారు తీసి, టమాటాలు ఏరి, అబూ సఖర్ సణుగుడు పూర్తయ్యేసరికి ఎండ వాలు మీదికి వచ్చేసింది. నాన్నను మార్కెట్ నుంచి పిలిపించారు. వాలంతా నడిచాడు. చెప్పు రుద్ది చూశాడు. పొడి.

మరి దేని మీద జారావమ్మా అని అడిగాడు. మెల్లగానే అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రాత్రి

తాళం చెవి నాన్న జేబులోకి వెళ్లిపోయింది. కారు నా పేరు మీద ఉంది. నా జీతంతో కొన్నాను. లైసెన్సు నాది. అవన్నీ చదివి వినిపించాల్సింది కూడా నేనే, ఎందుకంటే ఈ ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం నుంచి బాసిల్ తన టాక్సీలో దిగబెడతాడట. అక్కా, నీది తప్పనడం లేదు, ఆడవాళ్ల కాళ్లకు పెడల్స్ నప్పవు, అంతే అన్నాడు బాసిల్.

అమ్మ ఏమీ అనలేదు. అదే నాకు మింగుడు పడటం లేదు. డ్రైవింగ్ నేర్పేవాడు మగాడని, నేర్చుకున్నన్నాళ్లూ వెనక సీట్లో కాపలాగా కూర్చున్నది అమ్మే. చివరికి గేర్ తప్పితే శబ్దం విని చెప్పేది. నేనెలా నడుపుతానో అమ్మకు తెలుసు.

జనవరి 17, శుక్రవారం

నమాజుకు మగాళ్లందరూ వెళ్లాక వాలు దిగి చూశాను.

ప్రహరీ నీడలో, ఎండ తగలని చోట, నాలుకలాగా ఐసు మిగిలి ఉంది. లోపల నురగ గడ్డకట్టి ఉంది. వంగి వాసన చూశాను. బ్లీచింగ్. ఆ చార పట్టుకుని పైకి నడిచాను. మునిసిపాలిటీకి రాయాల్సిన ఫిర్యాదు మనసులో సగం రాసుకున్నాను కూడా. చార మా గేటు కిందికి వచ్చి ఆగింది.

అమ్మ మెట్లు కడిగి, వైపర్‌తో గేటు బయటికి తోసిన నీళ్లు. నా చిన్నప్పటి నుంచీ తోస్తోంది. పారి ఎండిపోయేవి. ఈ చలికి గడ్డకట్టాయి.

వంటింట్లోకి వెళ్లి చెప్పాను. అమ్మ పుదీనా తుంచుతోంది. చెయ్యి ఆగింది. సరే, ఇంక దాన్ని తవ్వకు తల్లీ అంది. నాన్నకు చెప్పవా అన్నాను. చెబితే ఏమవుతుంది అంది. తాళం చెవి వస్తుంది అన్నాను. మళ్లీ పుదీనా తుంచడం మొదలుపెట్టింది.

నేనే చెప్పొచ్చు. చెప్పలేదు. నన్ను బడికి పంపడం కోసం నాన్నతో అమ్మ ఎన్ని గొడవలు పడిందో నాకు తెలుసు. ఆమెను నలుగురిలో నిలబెట్టే పని నా వల్ల కాదు. చెప్పాలని ఆమెకైనా అనిపించాలి కదా.

జనవరి 20, సోమవారం

నిన్న ఆలస్యం. ఇవాళా ఆలస్యం. బాసిల్‌కు టాక్సీ బేరం దొరికితే అక్క గుర్తుండదు. హెడ్‌మిస్ట్రెస్ పిలిపించింది. మీ కాంట్రాక్టు జూన్ దాకానే కదా అని క్యాలెండర్ వైపు చూస్తూ అంది.

జనవరి 22, బుధవారం

నీళ్లు వచ్చాయి. మధ్యాహ్నం ఫోన్ చేసి మెట్లు కడగొద్దమ్మా అన్నాను. వచ్చేసరికి కడిగేసి ఉన్నాయి. సంబంధం వాళ్లు బాసిల్‌ను చూడ్డానికి సాయంత్రం వస్తామన్నారట. మురికి మెట్లు ఎక్కించమంటావా అంది.

జనవరి 23, గురువారం

అంతా రాయాలి. న్యాయంగా రాయాలి.

బాసిల్ టాక్సీకి ఏదో రిపేరు. అందుకని నా కారు తీశాడు. నేను పక్కన. గేటు దగ్గర ఐసుందిరా, నెమ్మది అన్నాను. అక్కా, నువ్వు పిల్లలకు పాఠం చెప్పుకో అన్నాడు. సెకండ్ గేర్‌లో వదిలాడు. జారగానే బ్రేక్ మీద నిలబడ్డాడు. అదే దారి, అదే మలుపు, అవే టమాటాలు. రెండో హెడ్‌లైట్ కూడా పోయింది.

అబూ సఖర్ ఈసారి టీ గ్లాసు కింద పెట్టి పరిగెత్తుకొచ్చాడు. అయ్యో నాయనా, దెబ్బ తగిలిందా అన్నాడు. కుర్చీ వేశాడు. ఇంత ఐసు మీద కారును ఇంత ఒడుపుగా ఆపాడు, డ్రైవరంటే వీడే అన్నాడు పక్కింటాయన. ఆపింది టమాటాలు. మునిసిపాలిటీని ఒకరు తిట్టారు, మంత్రిని ఇంకొకరు తిట్టారు. ఐసు ఎక్కడా అని ఒక్కరూ అడగలేదు. అందరికీ ఐసు కనిపించింది!

అప్పుడు పైనుంచి అమ్మ దిగివచ్చింది. ముసుగు సరిగా లేదు, కాళ్లకు చెప్పుల్లేవు. నేనేరా, ఆ నీళ్లు నేనే పోశాను, నా చెయ్యి విరిగిపోను అంటూ బాసిల్ తల పట్టుకుంది. ఆమె వెనకే వచ్చిన నాన్న నవ్వేశాడు. ఉమ్ బాసిల్ శుభ్రం ఎప్పటికైనా మనల్ని చంపుతుంది అన్నాడు. అందరూ నవ్వారు. వాడికంటే నాలుగేళ్లు ముందు పుట్టాను నేను. అయినా ఆమె పేరు ఉమ్ బాసిల్, బాసిల్ తల్లి.

పోయిన గురువారం కూడా ఇవే నీళ్లు అన్నాను. గట్టిగానే అన్నాను. నవ్వు ఆగింది. నాన్న అబూ సఖర్‌ను చూశాడు, అబూ సఖర్ టమాటాలను చూశాడు. అది అయిపోయింది కదమ్మా అన్నాడు నాన్న.

తర్వాత పైకి వెళ్లి, పార తీసుకుని, మేడ ఇసుక తోడి వాలంతా చల్లాడు. నేను నిలబడి చూశాను. గేటు నుంచి మలుపు దాకా చల్లాడు.

బాసిల్ మణికట్టు బెణికింది. డాక్టరు కట్టు కట్టాడు. అందుకని సాయంత్రం తాళం చెవి నా చేతికి వచ్చింది. నాది తప్పు కాదని కాదు. వాడికి చెయ్యి లేదని.

జనవరి 24, శుక్రవారం

అమ్మను అడిగాను. వాడికోసం చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చావు, నాకోసం వంటింట్లోంచి కూడా రాలేదేం?

తోముతున్న గిన్నె బోర్లించింది. నీకోసం చెప్పి ఉంటే, తల్లీకూతుళ్లు ఒకటై కథ అల్లారనేవాళ్లు, వాడికైతే నవ్వుతారు, నవ్వారు కదా అంది. ఇది నిజం కాదని చెప్పలేను. అయినా క్షమించలేను. చెప్పి చూడొచ్చు కదా. ఒక్కసారి.

జనవరి 29, బుధవారం

హెడ్‌లైట్లు రెండూ వేయించాను. స్కూలుకు నాలుగు రోజులుగా టైముకు వెళ్తున్నాను. నీళ్లు వచ్చాయి. అమ్మ మెట్లు కడిగింది. నాన్న చల్లిన ఇసుక చక్రాలకు కొట్టుకుపోయింది.

జనవరి 30, గురువారం

తెల్లవారకముందే పార తీసుకుని ఇసుక గుట్ట దగ్గరికి వెళ్లాను. ఎవరినీ అడగలేదు. ఇలా అయితే మేడలో ఒక గది తగ్గుతుందని బాసిల్ నాన్న చల్లినప్పటి నుంచే లెక్కలు వేస్తున్నాడు.

గేటు దగ్గర నుంచి చల్లుకుంటూ దిగాను. వంటింటి కిటికీ తెరుచుకుంది. మలుపులో ఇంకొంచెం వెయ్యి అంది అమ్మ.

వేశాను.