మడ్‌గార్డు దాటిన చక్రాలు

యూసుఫ్‌గూడ, హైదరాబాదు
17 ఫిబ్రవరి, 1993

పూజ్యుడైన అన్నయ్యకు,

చెల్లెలు బాలమణి నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం, ఎముకలన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి. కాకినాడలో నువ్వూ వదినా పిల్లలూ క్షేమమని తలుస్తాను. పోయిన నెల జీపు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో పంపాను. దాని వెనక షూటింగ్ తేదీ, చోటు కూడా రాశాను. అందిందో లేదో నువ్వు రాయలేదు. సినిమాల్లో బళ్లు నడిపే పని మానెయ్యమని ప్రతి ఉత్తరంలో రాసేవాడివి, ఈసారి అదీ రాయలేదు. కోపం వచ్చిందనుకున్నాను. అయినా నిన్నటి సంగతి నీకు చెప్పకుండా ఉండలేను.

అన్నయ్యా, ఆ షాట్ నేనే చేశాను!

హీరోయిన్ జీపు నడుపుతూ ఫిల్మ్‌నగర్ వెనక బండరాళ్ల గుట్ట మీంచి రోడ్డు దాకా దిగిరావాలి. ఇలాంటివి ఇంతవరకూ మద్రాసు నుంచి వచ్చే మగవాళ్లు విగ్గు పెట్టుకుని చేస్తున్నారు. ఈసారి ఫైట్ మాస్టర్ గారు నాకిచ్చారు. ఎండ తిరగకముందే గుట్ట మీద ఉండాలి, లేకపోతే విగ్గాయన సిద్ధంగా ఉన్నాడు. ఇదీ షరతు.

జీపు రాక్షసిలా కనబడాలన్నారు డైరెక్టర్ గారు. మా వీధిలో షెడ్డు నడిపే ఓదెలు కంపెనీ చక్రాలు తీసేసి వెడల్పాటి పెద్ద టైర్లు తొడిగాడు. అవి లోపల రాసుకోకుండా చక్రానికీ బ్రేకు డ్రమ్ముకీ మధ్య ఇనుప బిళ్లలు పెట్టాడు. దాంతో నాలుగు చక్రాలూ మడ్‌గార్డులు దాటి జానెడు బయటికొచ్చాయి. నీకు పంపిన ఫొటోలో ఉన్నది అదే.

నిన్న పొద్దున గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాం. నేను నడుపుతున్నాను, పక్కన ఓదెలు, వెనక వ్యాన్‌లో మాస్టర్ గారు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర అచ్యుతరామయ్య అని ఒక బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపాడు. మీ రవాణా శాఖ వాళ్లు ఏ ఊళ్లోనైనా ఒకేలా చూస్తారు. లైసెన్సు అడగలేదు. తిన్నగా ముందు చక్రం దగ్గరికొచ్చి, మడ్‌గార్డు అంచు నుంచి చెయ్యి నిలువుగా కిందికి దించాడు. చెయ్యి టైరు మీద ఆగింది.

ఆర్సీ బుక్కులో ఉన్న చక్రాలేనా ఇవి అన్నాడు. గిది షూటింగ్ బండి సార్, రోడ్డు మీద నడిచేది కాదు అన్నాడు ఓదెలు. మరి ఇప్పుడు ఎక్కడ నిలబడిందయ్యా అన్నాడాయన. ఓదెలు హీరో పేరు చెప్పాడు. హీరో గారిదైనా చక్రం మడ్‌గార్డు కిందే ఉండాలి, లేకపోతే అది విసిరే రాయి వెనక స్కూటరు మీద వచ్చేవాడి కంట్లో పడుతుంది, కంపెనీ ఇచ్చింది మార్చాలంటే ఆఫీసులో పర్మిషన్ తీసుకుని బుక్కులో రాయించాలి అన్నాడు. మరి గుట్ట మీదో అన్నాను. గుట్ట మీద మీ ఇష్టమమ్మా, తారు మీద మాత్రం నా ఇష్టం అన్నాడు.

ఆ మాట పట్టుకున్నాను. పాత చక్రాలు షెడ్డులోనే ఉన్నాయి, వాటితో తారు దాటి, వీటిని వ్యాన్‌లో తీసుకుపోయి గుట్ట దగ్గర తొడుగుదామన్నాను. మాస్టర్ గారు ఒప్పుకోలేదు. దిష్టి తీసిన చక్రాలు షాట్ కాకముందే విప్పితే ఎవరికో ఒకరికి కాలో చెయ్యో పోతుందన్నారు. పోయేది నా కాలే కదండీ, ఇంకో గుమ్మడికాయ కొట్టండి అన్నాను. గుమ్మడికాయ నేను తెస్త, ఫికర్ చేయకుండ్రి అంటూ ఓదెలు ఆటో ఎక్కాడు. సీటు నిండా పాత చక్రాలు, ఒళ్లో గుమ్మడికాయతో తిరిగొచ్చాడు.

చక్రాలు విప్పుతుండగా ఇన్‌స్పెక్టర్ ఓదెలును దగ్గరికి పిలిచి ఏదో చూపించాడు. ఓదెలు మొహం మాడ్చుకుని వచ్చాడు. గుట్ట దగ్గర పెద్ద చక్రాలు తొడిగేటప్పుడు బిళ్లలు పెట్టలేదు. టైరు లోపల రాసుకుంటది, స్టీరింగ్ జర తక్కువ తిప్పు అక్కా అన్నాడు, అంతే.

ఎండ ఇంకా తిరగలేదు. మొదటి బండ మీంచి జీపు గాల్లోకి లేచింది. పడ్డప్పుడు పళ్లు కటకటలాడాయి గానీ చక్రాలు రాయిని పట్టుకున్నాయి అన్నయ్యా! ఆ తర్వాత ఇంక నేను బ్రేకు తొక్కలేదు. చివరి రాయి దూకి రోడ్డు మీద ఆగాలని డైరెక్టర్ గారి ఆలోచన. చూస్తే రోడ్డు పక్కన ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, మాట నిలబెట్టుకుంటామో లేదో చూడ్డానికి. అప్పుడు తొక్కాను బ్రేకు. ముందు చక్రాలు తారు అంచున ఆగాయి. దుమ్ము లేచి కెమెరాను కప్పేసింది. తిట్లు తప్పవనుకున్నాను. దుమ్ములోంచి జీపు ముక్కు ఒక్కటే బయటికొచ్చింది, నేను అనుకున్నదానికంటే బాగుంది, ఓకే అన్నారు డైరెక్టర్ గారు. విగ్గాయనకు భోజనం పెట్టి పంపించండి అన్నారు మాస్టర్ గారు. తరవాతి సినిమాకీ నన్నే రమ్మన్నారు!

వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఈసారైనా జవాబు రాయి.

నీ చెల్లెలు,
బాలమణి

తా.క.: ఉత్తరం మడిచాక ఓదెలు వచ్చాడు. బిళ్లల మందం వల్ల కుడి ముందు చక్రం నట్లు బోల్టుల కొసల్ని మాత్రమే పట్టుకుని ఉన్నాయట. మొదటి బండ మీదే చక్రం ఊడిపోయేదట. గుమ్మడికాయ గాదక్కా, గా సారు కాపాడిండు నిన్ను అన్నాడు. వెంటనే ఖైరతాబాదు ఆఫీసుకు వెళ్లి అచ్యుతరామయ్య గారికి దండం పెట్టాను. నాకెందుకమ్మా, ఫొటో చూసి కాకినాడ నుంచి ఫోన్ చేసినాయనకు పెట్టుకో అన్నారు. నేను చెబితే పని మానెయ్యమంటున్నాననుకుంటుంది, దానికి చెప్పకండి, షాట్ ఆపొద్దు, చక్రాలు ఆపండి అన్నావట.

ఫొటో అందినట్టు తెలిసింది అన్నయ్యా. ఈసారి పంపేదాంట్లో చక్రాలు మడ్‌గార్డు కిందే ఉంటాయి, చూసుకో.