సైదమ్మ బోర్డు ఒరిగింది

ఎల్బీనగర్, సోమవారం

చిరంజీవి విజయశ్రీకి మట్టయ్య మేస్త్రి దీవించి రాసేది,

ఫోన్ చేస్తే "డిజైనే అంత అంకుల్" అని పెట్టేస్తున్నావు. అందుకే కాగితం పట్టాను. బోర్డు తెచ్చిన షేర్ ఆటో జగనే దీన్నీ తెచ్చిస్తాడు. నువ్వు రాసిన "సైదమ్మ కర్రీ పాయింట్" బోర్డు అందింది. రంగు బాగుంది. కానీ అక్షరాలన్నీ కుడివైపు ఒరిగాయి. గోడలకు వేసే గుండు దారం వేలాడదీసి చూశాను, ఒక్కటీ నిటారుగా లేదు. నలభై ఏళ్లు నాతో సిమెంటు తట్టలు మోసిన నా భార్య పేరు మొదటిసారి బోర్డెక్కుతోంది. అది ఒరగడానికి వీల్లేదు. శుక్రవారం ఓపెనింగ్. నిటారుగా మళ్లీ రాసి పంపు.

ఇట్లు,
మట్టయ్య

తా.క.: ఆటో కుదుపులకు ఒరిగాయేమోనని జగన్‌ను గట్టిగా అడిగాను. ఒట్టేసి కాదన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్, మంగళవారం

మేస్త్రిగారికి విజయశ్రీ నమస్కారాలు.

అవి ఒరగలేదండీ, నేనే ఒంచాను. వెడల్పు పాళీ కలంతో ఆరు నెలలు చేతులు నొప్పి పుట్టేలా రాసి తయారుచేసిన ఇటాలిక్ అక్షరాలవి. పెద్ద బోర్డుల కోసమే గీశాను. ఇక్కడ కోచింగ్ సెంటర్ల అక్షరాలన్నీ అటెన్షన్‌లో నిలబడి ఉన్నాయి. మీవైనా హాయిగా ముందుకు నడవనివ్వండి. నేను మార్చను.

ఉంటాను,
విజయశ్రీ

తా.క.: దయచేసి ఆ గుండు దారం పెట్టెలో పెట్టేయండి.

ఎల్బీనగర్, బుధవారం

విజయశ్రీకి మేస్త్రి రాసేది,

నడుస్తున్నాయన్నావు సరే, ఎటు నడుస్తున్నాయి? మాకు కుడిపక్కన ధనరాజ్ కర్రీ పాయింట్! మా అక్షరాలన్నీ కలిసి మా గిరాకీని వాడి గడప దాకా సాగనంపుతున్నాయి. సొమ్మొకరిది, సోకొకరిది. ఎడమవైపు ఒంచు, లేదా నిటారుగా నిలబెట్టు.

ఇట్లు,
మట్టయ్య

తా.క.: ధనరాజ్ నిన్న బోర్డు చూసి "మస్తుగుంది మేస్త్రీ" అన్నాడు. వాడు మెచ్చుకున్నాడంటే ఏదో ఉంది.

దిల్‌సుఖ్‌నగర్, గురువారం

మేస్త్రిగారూ, నమస్తే.

ఎడమకు ఒంచితే వెనక్కి పడిపోతున్నట్టుంటాయి. చచ్చినా గీయను.

విజయశ్రీ

తా.క.: ఇంతకీ ఆ పేరు గల మనిషిని అడిగారా?

ఎల్బీనగర్, శనివారం

బిడ్డా విజయశ్రీ,

అడగలేదు. నాకు తోచిన పని నేను చేశాను. నిన్న పొద్దున బోర్డు కుడి చివరను మూరెడు పైకి లేపి బిగించాను. గుండు వేస్తే ప్రతి అక్షరం నిటారు! దారిన పోయేవాళ్లంతా "తాతా, బోర్డు ఒరిగింది" అని చెప్పడానికి ఆగారు. ఆగినవాళ్లకు గోంగూర పప్పు వాసన తగిలింది. మధ్యాహ్నానికి గిన్నెలు ఖాళీ.

అప్పుడు సైదమ్మ బయటికొచ్చి పైకి చూసింది. ఆమెకు చదువు రాదు.

"గట్లెందుకు లేపినవ్? కింద పెట్టినప్పుడు చూసిన, మంచిగుండె. తట్ట నెత్తిన పెట్టుకొని పైకెక్కేటప్పుడు నేను గట్లనే ముందుకు ఒంగుతుంటి. నిలువుగుంటే ఎన్కకు పడుతుంటి. గది నా పేరే. సీదా పెట్టు."

నలభై ఏళ్లు గోడలకేసి చూశాను గానీ, ఆమె నడకను చూడనే లేదు. సిగ్గేసింది. వెంటనే నిచ్చెనెక్కి బోర్డు సరిచేశాను. అక్షరాలు నువ్వు గీసినట్టే ఒరిగి ఉన్నాయి. అట్లాగే ఉంటాయి.

ఆశీస్సులతో,
మట్టయ్య

తా.క.: ఇవాళ చూస్తే, నిన్నటి మా గిరాకీ చూసి ధనరాజ్ కూడా తన బోర్డు కుడి చివరను మూరెడు పైకి లేపాడు. వాడి అక్షరాలు నిటారువి, ఇప్పుడు వెనక్కి పడుతున్నాయి పాపం.