చార్మినార్ నీడ పడిన రూపాయి

రాజవ్వా,

నువ్వు పోయావని నిరుడు మనింట్లో పండుగ లేదు. ఈ దీపావళికి మన కోడలు పూజలో పెట్టే నిజాం కాలపు హాలీ రూపాయిలన్నీ చింతపండుతో తోమింది.

"ఎట్ల మెరుస్తున్నయో సూడు మామా!" అంది.

నీ రూపాయీ వాటిలోనే ఉంది. ఒకవైపే ఉండాల్సిన చార్మినార్ రెండోవైపు అక్షరాల వెనక కూడా నీడలా ఉందని, దొంగదని దుకాణంవాళ్లు తిప్పి ఇచ్చిన రూపాయి.

"ఖోటాది కాదవ్వా. టంకశాలల నడుమ వెండిబిళ్ళ పడక అచ్చులు రెండు గుద్దుకున్నయి. చార్మినార్ అచ్చు గుర్తు అక్షరాల అచ్చుకు పడి, గదే దీనిమీద తేలింది" అని కంసాలి చెప్పాడు. నీడ అరిగిపోతుందని ఆనాటి నుంచి నువ్వు దాన్ని తోమనీయలేదు.

పొద్దుటి నుంచి ఏడు రూపాయిలనూ ఎండకు పట్టి చూస్తున్నాను. దేనిమీదా కనబడదు. నీడే పోయిందో, నా కండ్లే మసకబారాయో.

కోడలిని పిలిచి చూడమనాలంటే భయంగా ఉంది. ఆమె కూడా లేదంటే?