అమ్మ నిజం చెప్పిన రోజు

ఒరేయ్ కిరణ్,

మన కంకిపాడులో ఈరోజు మత్తు మాన్పించే వార్డు తెరిచారు. అప్పట్లో నేను నిన్ను బెజవాడ తీసుకెళ్లి ఆస్పత్రిలో చేర్పిస్తానంటే, "వద్దక్కా, పోలీసు కేసవుతుంది" అని నువ్వు నా కాళ్లు పట్టుకున్నావు. ఆ వారమే బాత్రూంలో తలుపేసుకుని ఆఖరి ఇంజెక్షన్ చేసుకున్నావు.

నువ్వు గుండెపోటుతో పోయావనే అమ్మ ఇన్నాళ్లూ చర్చిలో అందరికీ చెప్పుకుంది.

ఇవాళ ఆ వార్డు ప్రారంభానికి తనే నాతో బయల్దేరింది. ఉపన్యాసాలయ్యాక డాక్టరమ్మగారు, "ఇళ్లల్లో ఈ బాధ పడ్డవాళ్లెవరైనా మాట్లాడతారా అండీ?" అని అడిగారు. ఎవరూ లేవలేదు. మా ముందు వరసలో ఒకమ్మాయి, వణికిపోతున్న భర్త చెయ్యి పట్టుకుని తల దించుకుని కూర్చుంది. అమ్మ అతన్నే చాలాసేపు చూసి, లేచి నిలబడింది.

"మా అబ్బాయిది గుండెపోటు కాదండీ. మత్తు ఇంజెక్షన్లకి పోయాడు. పరువు పోతుందని దాచాను."

అప్పుడా అమ్మాయి మెల్లగా, "మా ఆయన్ని చేరిస్తే కేసు పెడతారా అండీ?" అని అడిగింది.

"అలవాటు పడ్డవాళ్లు తమంతట తాము వైద్యానికొస్తే, మత్తు తీసుకున్నందుకు కేసు ఉండదమ్మా. చట్టమే ఉంది," అన్నారు డాక్టరమ్మగారు.

"ఎప్పట్నించండీ?" అంది అమ్మ.

"చాలా ఏళ్లుగా ఉందండీ. జనానికే తెలియదు."

అమ్మ వాళ్లిద్దరినీ వార్డు గుమ్మం దాకా తీసుకెళ్లి, లోపలికి పంపి, అక్కడే మెట్ల మీద కూలబడిపోయింది.

"మనకెవరూ చెప్పలేదేంటే?" అని నన్నడిగింది. నేనూ ఆ మెట్ల మీదే తన పక్కన కూర్చున్నానురా.

నీ అక్క