లోపలికి ముడుచుకుని

బంగారం లాంటి మా అక్కకు,

తిట్టాలనుకుంటే ఇది చదివాకే తిట్టు. వచ్చే సోమవారం ఆపరేషన్ చేయించుకుంటున్నాను. జబ్బేమీ కాదు, కంగారు పడకు. వయసొచ్చినప్పటి నుంచీ నా చనుమొనలు లోపలికి ముడుచుకునే ఉన్నాయి. ఒకే మంచం మీద పడుకుని పెరిగిన నీకే చెప్పలేదంటే నా సిగ్గు ఎంతటిదో చూడు. పెళ్లైన కొత్తలో నీ మరిది చూసి, "ఇదేంటి, ఇలా ఉన్నాయి?" అన్నారు. అంతే. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఆ తర్వాత దీపం ఆర్పితే గాని దగ్గరికి రానివ్వలేదు. రాన్రానూ అదీ లేదు.

డాక్టరమ్మ మంచిదే. "సరిచేస్తే పాల నాళాలు తెగిపోవచ్చు. పిల్లలు పుడితే పాలివ్వాలని ఉందా?" అని అడిగింది. లేదన్నాను. అబద్ధం అక్కా. ఎంత ఆశ ఉందో నీకు వేరే చెప్పాలా!

మా పని నీకు తెలిసిందేగా, బట్టల కొట్లలో నిలబెట్టే బొమ్మల్ని నునుపు చేయడం. అచ్చులో వచ్చిన మొనలు ఉంటే బట్ట తీరుగా జారదని గరుకు కాగితంతో అరగదీసేస్తాం. బొమ్మలకైతే లేకపోవడమే అందమట, నాకు మాత్రం లోపం! నవ్వొస్తే నవ్వుకో.

నీ పిరికి చెల్లి

అక్కా,

సోమవారం నేను ఆసుపత్రికి వెళ్లలేదు. శనివారం పనిలో ఏదో ధ్యాసలో ఒక బొమ్మ ఛాతీని అరగదీసి అరగదీసి బొక్క పెట్టేశాను. ఇన్నేళ్లలో అలాంటి తప్పు చేసి ఎరగను. మా మేస్త్రీ తిట్టలేదు. "ఎవరి మీదమ్మా ఈ కోపం?" అన్నాడు. ఇంటికొచ్చి, పెళ్లైన కొత్తలో నన్ను ఆ మాట ఎందుకన్నారని ఈయన్ని నిలదీశాను.

"నేనన్నానా?" అన్నారు. నిజంగానే గుర్తులేదు అక్కా. నాలుగేళ్లు నేను మోసిన మాటను ఆయన ఎప్పుడో మర్చిపోయారు. ఒళ్లు మండిపోయింది. ఆయన తలొంచుకుని, "నేనంటేనే నీకు గిట్టదనుకున్నా. పోనీలే అని అలవాటు చేసుకున్నా" అన్నారు. ఇంక నా కోపం ఎటు పోయిందో తెలియలేదు, ఏడుస్తూ కూర్చున్నాను.

ఆపరేషన్ వద్దని కబురు పెట్టేశాను. అలాగని అంతా చక్కబడిందనుకోకు. అద్దం ముందు ఇప్పటికీ తల తిప్పుకుంటున్నాను. నిన్న బట్టలు మార్చుకుంటుంటే గది తలుపు మెల్లగా చప్పుడైంది. ఈయన తన గది తలుపే తట్టి, పరాయివాడిలా బయట నిలబడ్డారు. ఎన్నాళ్లుగా ఇలా చేస్తున్నారో, నేనే గమనించలేదు. వెళ్లి గడియ తీశాను.

నీ చెల్లి